అయిదో నంబరు వనరు

కొండవాగు పెద్దాసుపత్రిలో ఎవరి చేతికైనా నరం దొరక్కపోతే వార్డులో మొదట వినిపించే మాట, "కెజియా సిస్టర్ని పిలవండి" అని. పురిటి వార్డయినా, ప్రమాదాల గదయినా, పిల్లల వార్డయినా అంతే. ఆవిడ వచ్చేది. వచ్చి, సూది ముట్టుకోకుండా ముందు మంచం అంచున కూర్చునేది. రోగి చెయ్యి తన ఒళ్లో పెట్టుకునేది. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఈ ఏడు వానలెలా ఉన్నాయి అని అడుగుతూ ఎడమచేతి ఉంగరపు వేలితో మోచేతి మడత నుంచి మణికట్టు దాకా మెల్లగా తడుముకుంటూ వెళ్లి ఒకచోట ఆగేది. ఆగిందంటే అక్కడ నరం ఉన్నట్టే. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆ వేలు అబద్ధం చెప్పలేదు.

ఆవిడకి నలభై ఏడేళ్లు. పొట్టి మనిషి, చురుకైన నడక, పెద్ద గొంతు. ఆదివారం చర్చిలో ఆవిడ పాట అందుకుంటే హార్మోనియం వాయించేవాడు కాసేపు చేతులకి విశ్రాంతి ఇచ్చేవాడట. భర్త ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. తనకు తెలిసినది ఒక విద్య అని గానీ, దాన్ని ఎవరైనా భద్రపరచాలనుకుంటారని గానీ ఆవిడ ఏనాడూ అనుకోలేదు.

అలాంటి మనిషి ఒక శుక్రవారం నాడు వస్తువైపోయింది.

దానికి కారణం రాజధాని నుంచి వచ్చిన ఒక సర్క్యులరు. రాష్ట్రంలోని నర్సులందరికీ వృత్తిలో మంచి దారి చూపించాలని ఎవరో పెద్దలకు గట్టిగా అనిపించింది. అనిపించిన వెంటనే ఇలా రాయించారు:

"ప్రతి ఆసుపత్రి యందును నెలాఖరులోగా నర్సింగ్ ఉత్తమాచరణ మార్గదర్శక వనరుల కేంద్రము నెలకొల్పవలెను. అందు కనీసము అయిదు వనరులు ఉండవలెను. వనరు అనగా, వృత్తి విషయమై సందేహము కలిగినప్పుడు నర్సులు సంప్రదించు పుస్తకము, పటము, నమూనా లేక ఇతరములు. అయిదింటికి తగ్గినచో సంబంధిత సూపరింటెండెంటు సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

సూపరింటెండెంటు డాక్టర్ వరాహమూర్తి ఒకప్పుడు మంచి ఎముకల డాక్టరు. కుర్చీ ఎక్కాక ఎముకలు వదిలేసి కాగితాలు అతికించడంలో పడ్డారు. సంజాయిషీ అన్న మాట కనబడితే ఆయనకు ముచ్చెమటలు పోసేవి. ఆసుపత్రంతా గాలించి నాలుగు వనరులు పోగుచేశారు. మొదటి ఇరవై పేజీలు ఊడిపోయిన నర్సింగు పుస్తకం ఒకటి. చేతులు ఎలా కడుక్కోవాలో చెప్పే పటం ఒకటి. రక్తప్రసరణ పటం ఇంకొకటి. ఇందులో గుండె దగ్గర చెద పట్టింది. నాలుగోది, ఎప్పుడో శిక్షణ కోసం తెప్పించిన రబ్బరు చెయ్యి. ఎన్ని బ్యాచీలు పొడిచాయో గానీ, అది చెయ్యిలా కాక జల్లెడలా ఉంది.

అయిదోది మాత్రం దొరకలేదు. నెలాఖరుకు మూడు రోజులుంది. అప్పుడాయనకు ఒక ఉపాయం తట్టింది. నర్సులందరికీ చీటీలు పంచి, "సందేహము కలిగినప్పుడు మీరు దేనిని సంప్రదిస్తారు?" అని అడిగారు. వాళ్ల దగ్గర ఏదైనా గైడో, పాత నోటు పుస్తకమో ఉండకపోతుందా అని ఆశ.

ఇరవై ఏడు చీటీలు వచ్చాయి. ఇరవై ఆరింటి మీద "కెజియా సిస్టర్" అని ఉంది. మిగిలిన ఒక్కటీ కెజియాది. దాని మీద "రోగిని" అని ఉంది. రోగులు కేంద్రంలో నిల్వ ఉంచదగినవారు కారు గనక ఆ చీటీని ఆయన పక్కన పెట్టేశారు. మిగిలిన ఇరవై ఆరింటినీ మళ్లీ ఒకసారి చదువుకుని, సర్క్యులరులోని "ఇతరములు" అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత గీశారు.

కెజియాను గదిలోకి పిలిచి విషయం చెప్పారు.

"నన్ను వనరంటారేంటి సార్?" అంది ఆవిడ.

"గౌరవం అమ్మా! మిగతా జిల్లాల్లో పుస్తకాలు, బొమ్మలు వనరులవుతున్నాయి. మనిషిని వనరు చేసిన ఘనత మన ఆసుపత్రిదే అవుతుంది."

"మరి వార్డు డ్యూటీ ఎవరు చేస్తారు సార్?"

"ఇకమీదట నీ డ్యూటీ వార్డులో కాదు. కేంద్రంలో ఉండడమే నీ డ్యూటీ. ఏడో నిబంధన చదువు." చదవమని ఆయనే చదివి వినిపించారు. "'గతమున పుస్తకములు మాయమైన అనుభవము దృష్ట్యా, వనరులను కేంద్రము వెలుపలికి తరలించరాదు.'"

"నన్నెవరు ఎత్తుకుపోతారు సార్?"

"అలా అనకూడదమ్మా. ఇక్కడి పుస్తకాలు కూడా అలాగే అనుకున్నాయి."

పై అంతస్తులో, పాత ఎక్స్‌రే ఫిల్ములు పడేసే గదికి సున్నం వేసి కేంద్రం తెరిచారు. దాని అదనపు బాధ్యత స్టోరు కీపరు సన్యాసిరావుకు అప్పగించారు. ముప్పై ఏళ్లుగా అతను ఆసుపత్రి సామాను చూస్తున్నాడు. తన రిజిస్టర్లోకి ఎక్కనిది లోకంలో లేదని నమ్మేవాడు. ఎక్కినదానికి మాత్రం ప్రాణం పెట్టేవాడు. ఆ శుక్రవారం పొద్దున్నే రిజిస్టరు, స్కేలు, రెండు రంగుల పెన్నులు తెచ్చుకుని కెజియా ఎదురుగా కూర్చున్నాడు.

"వస్తువు పేరు... కెజియా. పరిమాణం... ఒకటి." రాస్తూ పైకి చదువుతున్నాడు. "తయారైన సంవత్సరం అడుగుతోందండి."

చెప్పింది.

"గడువు ముగియు తేదీ?"

"అదెలా చెబుతామండీ? దేవుడికి తెలియాలి."

సన్యాసిరావు కాసేపు గడ్డం గోక్కుని ఆవిడ రిటైరయ్యే తేదీ వేశాడు. తర్వాతి గడి దగ్గర పెన్ను ఆగింది.

"'పగులు స్వభావము కలదా' అని ఉన్నాది సిస్టర్. ఏటి రాయమంటారు?"

"మీకేమనిపిస్తే అది రాయండి."

అతను కళ్లద్దాల మీదుగా ఆవిడ వంక ఓ క్షణం చూసి, "లేదు" అని రాసి, కింద గీత కూడా గీశాడు.

రబ్బరు చేతి మీద మోచెయ్యి దగ్గర తెల్ల రంగుతో "4" అని అప్పటికే వేసి ఉంది. కెజియాకు రంగు వెయ్యడం బాగుండదని అట్టముక్క మీద "వ.కే. 5" అని రాసి యూనిఫారానికి పిన్నుతో గుచ్చారు. రక్తప్రసరణ పటానికీ రబ్బరు చేతికీ మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

వనరును వాడుకునే విధానం కూడా రాజధాని నుంచే వచ్చింది. సందేహం కలిగిన నర్సు మూడు ప్రతుల్లో ఇండెంటు, అంటే వనరు కావాలని కోరే కాగితం, రాయాలి. దాని మీద సూపరింటెండెంటు సంతకం చేయించాలి. ఆ తర్వాత పదిహేను నిమిషాలపాటు వనరును సంప్రదించవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైనది తొమ్మిదో నిబంధన. "వనరు మార్గదర్శనము చేయును, చేయి చేసుకొనదు." పుస్తకం లేచి వచ్చి రోగికి సూది వెయ్యదు గదా, అలాగే కెజియా కూడా వెయ్యకూడదన్నమాట.

కెజియా మేడెక్కాక పిల్లల వార్డులో మిగిలింది హిమజ ఒక్కతే. ఆరు నెలల కిందట కాంట్రాక్టు మీద చేరిన పిల్ల. చదువులో మొదటి ర్యాంకు. కానీ పిల్లల చేతులు పట్టుకుంటే ఆమె చేతులే వణికేవి. సందేహం వచ్చినప్పుడల్లా ఇండెంటు రాసుకుని మెట్లెక్కి వచ్చేది.

"ఈ రబ్బరు చేతిమీద చూపించండి సిస్టర్, ఎక్కడ వెతకాలో."

"దీని మీద ఏం చూపించనమ్మా? దీనికి భయం లేదు. మనిషి భయపడితే నరం లోపలికి పోతుంది. పోనీ, నీ చెయ్యిలా ఇయ్యి."

"చేయి చేసుకోకూడదు సిస్టర్," అని సన్యాసిరావు తలుపు దగ్గర్నించి దగ్గేవాడు. అతనికి అందులో ఆనందం లేదు. నిబంధన గోడ మీద రాసి ఉంది, అంతే.

ఒకసారి పక్క వార్డు సాయానికి వెళ్లి ఓ ముసలాయనకు హిమజ మూడుసార్లు పొడిచినా నరం దొరకలేదని తెలిసి, కెజియా ఇండెంటూ గిండెంటూ చూడకుండా గబగబా కిందికి దిగి పని చేసి వచ్చేసింది. మర్నాడు మెమో వచ్చింది. వస్తువులకు మెమో ఇచ్చే పద్ధతి లేదు గనక అది కెజియాకు రాలేదు, హిమజకు వచ్చింది. "వనరును అనుమతి లేకుండ తరలించి, వాడి, యథాస్థానమున ఉంచనందుకు" అని అందులో ఉంది. ఇంకో మెమో వస్తే కాంట్రాక్టు పొడిగించరు. ఆ కాగితం చేత్తో పట్టుకుని హిమజ బాత్రూములోకి వెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కుని డ్యూటీకి వచ్చింది. ఆ సంగతి విన్నాక కెజియా మళ్లీ గడప దాటలేదు. పక్కనున్న వనరుల్లాగే తనూ గోడ వంక చూస్తూ కూర్చోవడం అలవాటు చేసుకుంది. అది కష్టమైన పని. రబ్బరు చెయ్యి ఆవిడకంటే బాగా చేసేది.

నెల తిరక్కుండానే కొండవాగు కేంద్రం పేరు రాజధానిలో మారుమోగింది. రాష్ట్ర ఉత్తమాచరణల సమన్వయాధికారి నిరంజనరావు స్వయంగా వచ్చారు. ఇస్త్రీ మడత నలగని మనిషి. కెజియా చుట్టూ ఒకసారి తిరిగి, అట్టముక్క సరిగా గుచ్చి ఉందో లేదో చూసి, వరాహమూర్తి భుజం తట్టారు.

"అద్భుతం డాక్టర్‌గారూ! సజీవ వనరు! ఇందులో నిక్షిప్తమై ఉన్న ఉత్తమాచరణను సంగ్రహించి రాష్ట్రవ్యాప్తం చెయ్యాలి."

కుర్చీ లాక్కుని కూర్చుని సంగ్రహించడం మొదలుపెట్టారు.

"నరమును గుర్తించు విధానం చెప్పండి."

"తడిమి చూస్తానండి."

"తడుముట. మొదటి సోపానం. తరువాత?"

"తెలుస్తుందండి."

"ఏది తెలుస్తుంది?"

"నరమండి."

"తెలియుటకు గల సూచికలేమిటి?"

కెజియా నిజాయితీగానే ఆలోచించింది. "వేలికి తెలుస్తుందండి. నూలుపోగు మీద చెయ్యి పడినట్టు."

"ఏ వేలు?"

"ఇదండి. చూపుడు వేలు చిన్నప్పుడు కత్తిపీటకి తెగింది. అప్పట్నించీ దానికి స్పర్శ తక్కువ."

"రోగితో సంభాషిస్తారట, దేనికి?"

"మాట్లాడుతూ ఉంటే చెయ్యి వదులవుతుందండి. బిగబట్టుకుంటే దొరకదు."

నిరంజనరావు అంతా రాసుకుని వెళ్లారు. మూడు వారాల తర్వాత అరవై నాలుగు పేజీల మార్గదర్శిని అచ్చయి వచ్చింది. పేరు "కె-పద్ధతి". దాని ప్రకారం నర్సులందరూ ఎడమచేతి ఉంగరం తీసి లాకర్లో పెట్టాలి. రోగి స్వస్థలము, సంతానము, వర్షపాతము అనే మూడు వివరాలు నమోదు చేశాకనే సూది అందుకోవాలి. వర్షపాతం మిల్లీమీటర్లలో రాయాలి. నలభై రెండో పేజీలో నిర్వచనాలున్నాయి. "తెలియుట: నరము తెలిసిన క్షణమున ఉంగరపు వ్రేలికి కలుగు అనుభవము. తెలియనిచో, తెలియు పర్యంతము తడుముట కొనసాగించవలెను."

కెజియా ఆ పుస్తకం రెండుసార్లు చదివింది. అందులో చెప్పిన మనిషి ఎవరో ఆవిడకు అర్థం కాలేదు.

ఆ తర్వాతి మంగళవారం నిజమైన ఆపద వచ్చింది.

జిల్లా కేంద్రంలో సభ. కొండవాగు వనరుల కేంద్రానికి రాష్ట్రస్థాయి షీల్డు ఇస్తున్నారు. వరాహమూర్తి కొత్త సూటు తొడుక్కుని పొద్దున్నే కారెక్కారు. డ్యూటీ డాక్టరు ఆపరేషన్ థియేటర్లో ఓ కష్టమైన కాన్పు మీద ఉన్నారు. పిల్లల డాక్టరు పోస్టు రెండేళ్లుగా ఖాళీ. పదకొండు గంటలప్పుడు పోలమ్మ అనే ముసలమ్మ కొండ మీది ఊరి నుంచి పది నెలల మనవరాలిని భుజాన వేసుకుని వార్డులోకి వచ్చింది.

"నర్సమ్మా, నిన్నటేల నుంచి ఒకటే ఇరేసనాలు. నీళ్లట్టినా కక్కేస్తంది. తల్లికీ అదే జబ్బు, లెగనేకుంది. కళ్లు సూడమ్మా, ఎలాగ లోపలికెలిపోనాయో!"

హిమజ పిల్లను మంచం మీద పడుకోబెట్టింది. నాలిక పిడచగట్టుకుపోయింది. పొట్ట మీద చర్మం లాగి వదిలితే మడత అలాగే ఉండిపోయింది. సూది గుచ్చితే పిల్ల ఏడవలేదు. హిమజకు భయం వేసింది అక్కడే. ఒక చేతికి పొడిచింది, రెండో చేతికి పొడిచింది. పాదం మీద రెండుసార్లు ప్రయత్నించింది. నరం లేదు. అరవై నాలుగు పేజీలూ ఆమెకు కంఠతా వచ్చు. తెలియు పర్యంతము తడుముట కొనసాగించడానికి ఆ పిల్ల దగ్గర అంత సమయం ఉన్నట్టు లేదు.

ఇండెంటు మూడు ప్రతులు గిలికి సూపరింటెండెంటు గదికి పరిగెత్తింది. తాళం. ఫోను చేస్తే మీటింగులో ఉన్నామనే జవాబు. ఆ కాగితాలతోనే మేడెక్కింది. వెనకాలే పోలమ్మ పిల్లను ఎత్తుకుని రొప్పుకుంటూ వచ్చింది.

"సన్యాసిరావుగారూ, సంతకం లేదండీ. సార్ ఊళ్లో లేరు," అంది హిమజ.

సన్యాసిరావు కాగితం చూశాడు, పిల్లను చూశాడు. గుమ్మం పక్కన "రోగులకు ప్రవేశము లేదు" అనే బోర్డుంది. ఆ బోర్డు పక్కనే కెజియా ముఖం కనిపించింది. కుర్చీలోంచి ఎప్పుడు లేచిందో, గడప లోపల నిలబడి పిల్ల కళ్ల వంకే చూస్తోంది.

"ఏటి బాబూ ఇది?" అంది పోలమ్మ. "నర్సమ్మ ఎదురుగానే ఉన్నాది గదా! మీరేటి, ఆవిడిని కట్టీసి ఎట్టినారా? ఒగ్గేస్తే ఏటవుద్ది?"

"వచ్చేయండి సిస్టర్," అంది హిమజ. "మెమో వస్తే రానివ్వండి. ఉద్యోగం పోతే పోనివ్వండి."

కెజియా ఒక కాలు గడప అవతల పెట్టింది.

"ఆగండి!" అన్నాడు సన్యాసిరావు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అతను అంత గట్టిగా అరవడం అదే మొదలు. "అమ్మాయి బతుకు పోతాది సిస్టర్. ఒక్క నిమిషం." సొరుగులోంచి నిబంధనల పుస్తకం లాగి వేళ్లు తడుపుకుంటూ పేజీలు తిప్పాడు. "ఇదుగో. పదకొండు. 'పాడైన వస్తువును స్టోరు కీపరు తక్షణమే కేంద్రము నుండి తొలగింపవలెను. ఇందుకు ఎవరి అనుమతియు అవసరము లేదు.' మీరు పాడయ్యారా సిస్టర్?"

కెజియాకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక, "అయ్యాను," అంది.

"మీరంటే చాలదండి. పరీక్షించి రాయాలి. మార్గదర్శనం చెయ్యని వనరు పాడైనట్టు లెక్క. మూడు ప్రశ్నలు. మొదటిది, నరం ఎక్కడుంటుంది?"

"మోచేతి మడత..." అలవాటుగా వచ్చేసింది.

"సిస్టర్!" అంది హిమజ.

కెజియా నోరు మూసుకుంది. ఇప్పుడు అనవలసింది ఇరవై రెండేళ్లుగా ఆ నోటితో ఎవరికీ ఎప్పుడూ చెప్పని మాట. వార్డులో రోగులు, డాక్టర్లు, కొత్తగా చేరిన పిల్లలు, ఎవరడిగినా ఏదో ఒక జవాబు ఉండేది ఆవిడ దగ్గర. ముఖం ఎర్రబడింది.

"నాకు తెలీదు," అంది.

"రెండోది. విరేచనాలయ్యే పిల్లకి సెలైను దేనికి?"

"తెలీదు."

"ఆఖరిది. మీరెవరు?"

"తెలీదు సన్యాసిరావుగారూ, తొందరగా రాయండి!" అంటూనే అట్టముక్క పీకి అతని బల్ల మీద పడేసి, పోలమ్మ భుజం మీది పిల్లను అందుకుంది. సన్యాసిరావు "పనిచేయుట లేదు" అని రాసి, టైము వేసి, సంతకం పెట్టేసరికి ఆవిడ మెట్లు దిగిపోయింది.

వార్డులో మంచం అంచున కూర్చుంది. పిల్ల పాదం ఒళ్లో పెట్టుకుంది. "ఏ ఊరమ్మా మీది?" అని ముసలమ్మని అడిగింది. పిల్ల కాలు వదులు కావలసిన పని లేదు. ఆ పిల్లలో బిగబట్టుకునే ఓపిక కూడా లేదు. అయినా అడిగింది. పోలమ్మ ఊరి పేరు చెప్పి, దారి చెప్పి, గెడ్డలో నీళ్లు దాటి వచ్చిన సంగతి చెబుతోంది. చీలమండ లోపలివైపు, ఎముక ముందు, వేలు ఆగింది. కాసేపు అలాగే ఉండిపోయింది. సూది లోపలికి వెళ్లింది. గొట్టంలో నెత్తుటి చుక్క కనిపించింది.

"కట్టు వెయ్యి," అంది కెజియా. తను సెలైను గొట్టం తగిలించింది.

గంటన్నరకు పిల్ల ఏడుపు లంకించుకుంది. వార్డు పెంకులు ఎగిరిపోయేటంత ఏడుపు. పోలమ్మ నేల మీద కూలబడి, "ఏడు తల్లీ, ఏడు," అని మురిసిపోయింది.

సాయంత్రం వరాహమూర్తి షీల్డుతో దిగారు. రాష్ట్రంలో ఉత్తమమైన వనరు ఆ రోజే, షీల్డు అందుకోవడానికి గంట ముందు, పాడైపోయిందని తెలిసి కుర్చీలో కూలబడ్డారు. మర్నాడు నిరంజనరావు ముగ్గురు సభ్యుల సంఘంతో వచ్చారు. వనరు బాగుపడే అవకాశం ఉందా లేదా తేల్చడం సంఘం పని.

బాగుపడితే ఏమవుతుందో కెజియాకు తెలుసు. మళ్లీ మేడ మీది కుర్చీ. ఆ రోజు పాడవలేదని తేలితే సన్యాసిరావు రాత అబద్ధమవుతుంది, హిమజ ఉద్యోగం పోతుంది. అందుకని బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చుంది.

"జ్వరమును దేనితో కొలిచెదరు?" అన్నారు ఒక సభ్యులు.

"తెలీదండి."

"చేతులు కడుగుకొను సోపానములెన్ని?"

"తెలీదండి."

"మరి ఆ బిడ్డకు నరము ఎట్లు కనుగొంటిరి?" అన్నారు నిరంజనరావు, పట్టుకున్నామన్న ధీమాతో.

"అదే తెలీదండి," అంది కెజియా. ఈ ఒక్క జవాబు మాత్రం నిజమే.

సంఘం గంటసేపు తలుపులు వేసుకుని చర్చించింది. "బిడ్డకు చేసినది తెలియకయే చేసినట్లు తెలియవచ్చినది," అని తీర్మానించి, మూడు సంతకాలతో ధ్రువపత్రం ఇచ్చింది. "శ్రీమతి కెజియా, స్టాఫ్ నర్సు, వృత్తి విషయమున ఏమియు తెలియనివారని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

తెలియకపోవడం మీద ఉద్యోగం తీసెయ్యడానికి నిబంధనల్లో వీల్లేదు. అలా వీలుంటే రాజధానిలో బల్లలు చాలా ఖాళీ అవుతాయని వాటిని రాసినవాళ్లకు ముందే తోచి ఉంటుంది. కాబట్టి ఏమీ తెలియని నర్సుకు ఏం చెయ్యాలో అదే చేశారు. "కె-పద్ధతి"లో మూడు రోజుల శిక్షణకు పంపారు.

శిక్షణ ఇచ్చింది రాజధాని నుంచి వచ్చిన ఓ నిపుణుడు. రబ్బరు చేతిని బల్ల మీద పెట్టి, కెజియా అనే ఒక మహా అనుభవజ్ఞురాలు ఎలా తడిమేదో చూపించాడు. "మీరు వేలు తప్పు పెడుతున్నారమ్మా," అని కెజియాను రెండుసార్లు సరిదిద్దాడు. వర్షపాతం ఎన్ని మిల్లీమీటర్లో ఆవిడ రాయలేకపోయింది. మూడో రోజు నర్సులందరికీ కలిపి వంద మార్కులకు పరీక్ష పెట్టారు. "తెలియుట అనగానేమి? నిర్వచింపుము" అనే ప్రశ్నకు పదిహేను మార్కులు. ఆవిడ చాలాసేపు పెన్ను కొరికి, "పక్కన కూర్చుంటే చూపిస్తాను" అని రాసింది. సున్నా వేశారు. మొత్తం మీద పదకొండు వచ్చాయి. హిమజకు తొంభై రెండు. ఆసుపత్రిలో మొదటి స్థానం.

ఆ ఫలితాల మీద ఉత్తర్వు వచ్చింది. "పరీక్ష యందు ఉత్తీర్ణులు కాని శ్రీమతి కెజియా ఇకపై ఉత్తీర్ణురాలైన శ్రీమతి హిమజ ప్రత్యక్ష పర్యవేక్షణలో మాత్రమే రోగులకు సేవలందించవలెను. పర్యవేక్షకురాలు ప్రతి సందర్భమునను ఆద్యంతము పక్కననే ఉండి, నిశితముగ గమనించి, నివేదిక సమర్పించవలెను." పర్యవేక్షకురాలి పదవి కాంట్రాక్టు మనిషికి ఇవ్వడం ఎలాగని కొంత చర్చ జరిగింది. చివరకు హిమజ కాంట్రాక్టు మూడేళ్లు పొడిగించారు.

ఉత్తర్వు అందిన రోజు కెజియా పిల్లల వార్డులోకి వచ్చి చేతిసంచి కొక్కేనికి తగిలించింది. హిమజ ఆవిడ ముందు నిలబడి కాగితం నలుపుతోంది.

"క్షమించండి సిస్టర్. మీ మీద నన్ను వేశారు."

"నీకు పర్యవేక్షించడం వచ్చా?"

"రాదు సిస్టర్."

"అయితే కూర్చో, నేర్పిస్తాను."

అప్పట్నించీ ఆసుపత్రిలో ఏ వార్డులో నరం దొరక్కపోయినా ఎవరూ కెజియాను పిలవలేదు. అది నిబంధనలకు విరుద్ధం. పిలుపు హిమజకు వచ్చేది. హిమజ వరండాలో ఆ కొస నుంచి కేకవేసేది: "సిస్టర్, మిమ్మల్ని పర్యవేక్షించాలి, తొందరగా రండి!" ఇద్దరూ కలిసి పరిగెత్తేవారు. కెజియా మంచానికి ఒకవైపు, హిమజ ఇంకోవైపు కూర్చునేవారు. కెజియా వేలు ఆగిన చోట హిమజ వేలు పట్టుకుని ఆనించేది. నిశితముగ గమనించమని ప్రభుత్వమే చెప్పింది గనక అభ్యంతరం చెప్పేవాళ్లు లేరు.

"ఏమైనా తెలుస్తోందా?"

"లేదు సిస్టర్."

"తియ్యకు. ఉండనీ."

మొదటి నెలంతా హిమజకు ఏమీ తెలియలేదు. రెండో నెలలో ఒకరోజు ఓ డయాలసిస్ పేషెంటు చెయ్యి మీద, కెజియా ఇంకా వేలు పెట్టకముందే, హిమజ వేలు ఒకచోట ఆగిపోయింది. తల ఎత్తి కెజియా వంక చూసింది. కెజియా సూది ఆమెకు అందించింది.

ఆ సాయంత్రం హిమజ రోజువారీ నివేదిక ఫారం తీసి, "పర్యవేక్షణ వలన మంచి పురోగతి కనబడుచున్నది" అని రాసి సంతకం చేసింది. ఎవరి పురోగతి అన్నది రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.